జలకపు బండ: దాని పూర్వచరిత్ర

ఈనాటి నా ప్రసంగమునకు విషయము కోటలు గాదు, యుద్ధములు గాదు, రాజవంశముల వరుసయు గాదు. మనము దినమున కొకమారైనను తప్పక నిలుచుండునట్టియు, నిలుచుండియు ఎన్నడును తేరిపార చూడనట్టియు ఒక చిన్న చోటును గూర్చి మాటలాడ దలచితిని. అది స్నానము చేయు బండ. పెరటిలో తడికచాటున నున్నను, మేడలోని గదిలో నున్నను దాని పని యొక్కటే. మీద బడిన నీటిని నిలువనీయరాదు, క్రిందికి ఇంకనీయరాదు, గోడదరికి చేరనీయరాదు, ఒకే దారిని వెలుపలికి పంపవలెను. దానిపై నిలుచున్న మనుష్యుడు జారి పడరాదు. వినుటకు ఇది స్వల్పముగా నున్నది గాని, ఈ స్వల్పమైన పనిని చక్కగా నెరవేర్చు నేలను వేయుటకై మానవుడు నాలుగువేల యేండ్లకు మించి శ్రమపడెను. నేటికిని అది అందరికి కుదురుట లేదు. ఇల్లు కట్టిన కొన్నియేండ్లకే ఏ గోడ చెమ్మగిలి పెచ్చులూడుచున్నదని అడిగినచో, స్నానపుగది వెనుకగోడ యనియే తరచుగా సమాధానము వచ్చును.

ఈ సంగతిని విచారించిన కొలది నాకు తోచిన దేమనగా, స్నానపు నేలలో రాయి చెడుట అరుదు. చెడునది రాతికిని రాతికిని నడుమనున్న సందు. సందులో నీరు దిగును. దిగిన నీరు క్రింది మట్టిని మెత్తబఱచును. మట్టి క్రుంగిన చోట బండ కదలును. కదలిన బండ సందును మఱింత తెఱచును. పూర్వపు పనివారు ఈ సందుతో ఏ విధముగా పోరాడిరో చెప్పుటయే నా ప్రయత్నము.

ఈ కథను సింధునదీ తీరమున మొదలుపెట్టవలసియున్నది. నేడు పాకిస్తానులో చేరిన సింధురాష్ట్రమున మొహెంజొదారో అను దిబ్బయొద్ద 1922లో రాఖాల్‌దాస్ బెనర్జీ త్రవ్వకము లారంభించెను. పిమ్మట సర్ జాన్ మార్షల్ పర్యవేక్షణమున ఆ పని విస్తరించి, సుమారు 4500 ఏండ్లనాటి పట్టణ మొకటి బయలుపడెను. ఆ పట్టణమున రాజప్రాసాద మిది యని నిస్సందేహముగా చూపదగిన కట్టడము లేదు; దేవాలయ మిది యని చూపదగినదియు లేదు. కాని స్నానపు గదులు మాత్రము ఇంటింట కనబడినవి. చరిత్రలో ఇంతకంటె వింత మఱియొకటి నాకు తెలియదు.

ఆ గదులు చిన్నవి. సాధారణముగా వీధివైపు గోడ కానుకొని యుండును. నేలయంతయు ఇటుకపఱుపు. సింధునది వండ్రుమట్టి పేరుకొనిన మైదానమగుటచే ఆ దాపున రాయి దొరకదు. గాన వారు కాల్చిన ఇటుకనే రాయిగా భావించి పనిచేసిరి. గోడకు వాడిన ఇటుకను ఉన్నది ఉన్నట్లు పేర్చిరి గాని, స్నానపు నేలకు వాడు ఇటుకను కోసి, అంచులను అరగదీసి, ఒకదాని నొకటి ఒరసికొనునట్లు అమర్చిరి. ఆ నేల లోవైపు అంచుననో మూలకో వాలియుండును. ఆ మూలనుండి గోడలోని తూముద్వారా నీరు వీధికాలువలోనికి పోవును. గోడ కట్టుటకును నేల వేయుటకును ఒకే ఇటుకను రెండు విధములుగా వాడిన ఆ పనివానికి, సందు ఎంత సన్నమైన అంత మేలను సంగతి ఎవరో శిల్పశాస్త్రము చదివి చెప్పి యుండరు. ఏ తండ్రియో తాతయో వేసిన నేల చెడిపోగా తాను మరల వేయవలసివచ్చి నేర్చుకొనెను.

ఆ పట్టణమందే 1925–26లో ఒక పెద్ద స్నానవాటిక బయలుపడెను. దాని కొలత సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్లకు కొంచెము తక్కువ లోతు. అడుగున ఇటుకలను పరుండబెట్టక అంచుమీద నిలువబెట్టి, హరసొఠము కలిపిన గారతో బిగించిరి. హరసొఠ మనగా నేడు మనము బొమ్మలు పోయుటకు వాడు తెల్లపొడికి మూలమైన ఖనిజము. ఇటుకను నిలువబెట్టుటలోని యుక్తిని గమనింపుడు. ఇటుక పరుండిన నీరు రెండంగుళముల లోతు దిగినంతనే అడుగును చేరును. నిలుచున్నచో అంతకు రెట్టింపు దూరము సందులో ప్రయాణము చేయవలెను. ఇంతటితో వారికి తృప్తి కలుగలేదు. లోగోడకును వెనుకనున్న గోడకును నడుమ సుమారు అంగుళపు మందమున నేలతారు పూసిరి. నేటి ఇంజనీరు గోడకు తారు పూయుచున్నప్పుడు ఆ పద్ధతి మొన్నమొన్న వచ్చినదని మనము తలంతుము. ఈ వాటిక నేలయు ఒక మూలకు వాలియున్నది. అచ్చటినుండి నీరు పోవు కాలువ, మనిషి నడువదగినంత యెత్తున, ఇటుకలను ఒకదానిపై నొకటి ముందునకు జరిపి కప్పినది.

రోమకులును స్నానప్రియులే. వారి శిల్పాచార్యుడగు విత్రూవియస్ క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమున వ్రాసిన గ్రంథమున ఆరుబయటి నేలలకు ప్రతి పది అడుగులకు రెండు అంగుళులు వాలు ఉంచవలెనని విధించెను. వారి అంగుళి అడుగులో పదునాఱవ వంతు. గాన ఎనుబదింట ఒకపాలు వాలైనది. నేటి కొళాయిపనివారి నిబంధన అడుగునకు పావంగుళము, అనగా నలువది యెనిమిదింట ఒకపాలు. రెండువేల యేండ్లలో వాలు కొంత యెక్కువైనది గాని సూత్రము మాఱలేదు. సందులలో నూనె కలిపిన సున్నము నింపుటయు, ప్రతియేట చలికాలమునకు ముందు నేలకు నూనెమడ్డి పట్టించుటయు గూడ ఆయన చెప్పెను. రోమును గూర్చి ఇంతకంటె చెప్పుట నా విషయమునకు అనవసరము.

మన దేశమునకు వత్తము. సందుల బాధ తప్పించుకొనుటకు అన్నిటికంటె మేలైన ఉపాయము, సందే లేకుండ ఒకే రాతిలో నేలను తొలుచుట. అట్టి నేల మీ యూరనే యున్నది. శివాలయమునకు పోయి పానవట్టమును చూడుడు. దేవునికి సంబంధించినదానిని స్నానపు బండతో పోల్చుట అపచారమని ఎవరును తలపకుందురు గాక. అభిషేక మనగా స్నానమే గదా. పానవట్టమును చెక్కిన శిల్పి ఎదుర్కొన్న చిక్కు మన ఇంటి తాపీపనివాడు ఎదుర్కొను చిక్కే. ఇంకను పెద్దది గూడ, ఏలయన అచ్చట నీరొక్కటియే గాక పాలు, పెరుగు, తేనె, నెయ్యి, పంచదార అన్నియు పడును.

ఆ శిల్పి ఏమి చేసెను? పీఠమును రాతిలో మలచెను. చుట్టును అంచు లేపెను. అంచునకు లోపల పల్లము తీసెను. ఆ పల్లమును ఒక వైపునకు, అనగా ఉత్తరమునకు, వాల్చెను. ఆ వైపున రాతిని ముక్కువలె ముందునకు సాచి, నీరు పీఠపు ప్రక్కను పట్టుకొని వెనుకకు జాలువాఱకుండ దూరముగా పడునట్లు చేసెను. గర్భాలయపు గోడ వెలుపల గూడ అట్టి రాతిముక్కే యుండి, లోపలి నీరు గోడను తాకకుండ అవతల పడును. దానిని దాటరాదని ప్రదక్షిణమునందు మనకు నియమమున్నది. అంచు, పల్లము, వాలు, ముక్కు: నేడు పట్టణములలో యంత్రాగారములందు తయారుచేసి అమ్ముచున్న ఒంటిపలక స్నానపు నేలలకు ఈ నాలుగే అవయవములు. ఐదవది నేనింతవరకు చూడలేదు.

అయినను ఇచ్చటను ఒక సందు తప్పలేదు. లింగము వేఱు రాయి, పీఠము వేఱు రాయి, రెంటినడుమ సందున్నది. ఆ సందును అష్టబంధనముతో పూడ్తురు. లక్క, గుగ్గిలము, తేనెమైనము, వెన్న మొదలగు వస్తువులను దంచి ముద్దచేసి పెట్టుదురు. అది గట్టియైనను ఒకింత సాగుడు గుణము గలది. అది శాశ్వతమని మన పెద్ద లెన్నడును చెప్పలేదు. పండ్రెండేండ్ల కొకమారు దానిని పునరుద్ధరింపవలెనని ఆచార మేర్పఱచిరి. రాయి తరతరములుండును, సందు పండ్రెండేండ్లుండును అను లెక్కను వారు దేవాలయపు పంచాంగములో చేర్చిరి. ఇంటి స్నానపుగదికి ఇట్టి గడువును మనమేల పెట్టుకొనలేదో నాకు తెలియదు. సందులు పగిలి, గోడ నాని, పునాది క్రుంగిన తర్వాత గాని తాపీపనివానికై కబురు పంపము.

కృష్ణాతీరమున ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురిలో, క్రీస్తుశకము మూడు నాలుగు శతాబ్దములందు, నాపరాతి పలకలతో స్నానఘట్టము కట్టిరి. నాగార్జునసాగరపు ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. లోయ మునిగిపోవునని తెలిసి పురాతత్త్వశాఖవారు 1954 మొదలు 1960 వఱకు అచ్చట త్రవ్వకములు జరిపిరి. ఆ స్నానఘట్టమును నేడు ద్వీపమైన కొండపై పునర్నిర్మించిరి. పడవలో పోయి చూచినవారు మీలో కొందఱుందురు. మైళ్ళకొలది నీటికి నడుమ, నీరు తాకని యెత్తున, మెట్లు మెట్లుగా నున్న ఆ ఘట్టమును చూచినప్పుడు మనస్సున కొకవిధముగా నుండును. పలకలతో కట్టిన కట్టడమును మరల నిలుపవచ్చు ననుటకు అది నిదర్శనము. గచ్చుపోతతో చేసినదైనచో ఆ యవకాశము లేదు.

వేఱొకచోట చెక్కి, తెచ్చి, కూర్చుట అను ఈ పద్ధతి సంపూర్ణ రూపమున కనబడునది హంపీలో. అది నేడు కర్ణాటక రాష్ట్రములోనిదైనను, తెలుగువారికి పరాయిచోటు గాదు. రాజప్రాంగణ మనబడు ఆవరణలో 1980ల దశకమున పురాతత్త్వశాఖవారు త్రవ్వుచుండగా మట్టిక్రింద ఒక మెట్ల కోనేరు బయటపడినది. ప్రక్క సుమారు 22 మీటర్లు గల చదరము, లోతు సుమారు 7 మీటర్లు. అయిదంతస్తులుగా దిగును. ప్రతి యంతస్తుననుండి చిన్న చిన్న మెట్ల గుంపులు ఇరువైపుల దిగుచుండుటచే, ఎగువనుండి చూచిన ఎవరో ముగ్గు వేసినట్లుండును. హంపీ కొండలన్నియు సేనపురాయి. ఈ కోనేటి రాయి మాత్రము అది గాదు. నల్లని, మెత్తని, సన్నపు పొరల రాయి. ఉలికి సులభముగా లొంగి నున్నని అంచు నిచ్చునది.

నేను అచ్చటికి పోయినప్పుడు కోనేటి అందముకంటె నన్ను ఎక్కువసేపు నిలిపినవి ఆ రాళ్ళమీది గుర్తులు. పనివారు ప్రతి పలకమీదను గుర్తులు చెక్కిరి. ఏ దిక్కు, ఏ వరుస, ఆ వరుసలో ఏ స్థానము అని అవి తెలుపునని పరిశోధకులు నిర్ణయించిరి. మన వడ్రంగి ద్వారబంధమును తన కొట్టములో చెక్కి, విప్పి, ఇంటికి తెచ్చునప్పుడు ఏ కుసి ఏ తొలికలో పోవలెనో గీతలు పెట్టుకొనును గదా, ఇదియు నట్టిదే. అనగా ఈ కోనేరు భూమిమీద కట్టబడక మున్ను ఒకరి మనస్సులో సంపూర్ణముగా కట్టబడినది. కొలతలన్నియు ముందే తేలినవి. పలకను గుంటలోనికి దింపిన తరువాత చెక్కుట కవకాశము లేదు; అంగుళము తప్పిన ఆ వరుస యంతయు తప్పును.

ఇందువలన లాభమేమి? మొదటిది, రాయిని నీడపట్టున, చదునుచోట, మంచి వెలుతురులో చెక్కవచ్చును. గుంటలో వంగి చెక్కిన పనికిని, కొట్టములో కూర్చుండి చెక్కిన పనికిని ఎంత భేదముండునో కాసెపనివా రెఱుగుదురు. రెండవది, పలకల యంచులు ముందే సరిపోల్చబడును గాన సందు సన్నమగును. మూడవది నాకు ముఖ్యముగా తోచునది. ఒక పలక చెడిపోయినచో దాని చోటేదో దానిమీదనే యున్నది. దానినే తీసి, దాని వంటిదానినే పెట్టవచ్చును. 1565లో రాక్షసతంగడి యుద్ధము ముగిసి పట్టణము పాడుపడెను. కోనేరు మట్టిలో పూడిపోయెను. నాలుగు వందల యేండ్లకు పైబడి త్రవ్వి తీసినప్పుడు గుర్తులు గుర్తులుగానే యుండెను.

ఆ కోనేటికి నీరు తెచ్చిన కాలువయు పరికింపదగినది. రాతికంబములపై రాతిదోనెలను వరుసగా నిలిపి నీటిని గాలిలో నడిపించిరి. ప్రతి దోనెయు ఒకే రాతిలో తొలిచినది. సందు దోనె చివరనే గాని అడుగున లేదు. ఆ దాపుననే రాణీవాసపు స్నానశాల యని పేరుబడిన కట్టడమున్నది. దాని కోనేరు 15 మీటర్ల చదరము, ఆరడుగుల లోతు. అది రాతిపలకల పని గాదు, ఇటుకయు సున్నపు గచ్చును. చూచుటకు సొగసైనది, పైకప్పున చిన్న చిన్న గుమ్మటములు, చుట్టును వరండాలు, కోనేటిలోనికి పొడుచుకొని వచ్చిన గవాక్షములు. అయినను గచ్చు మఱమ్మతు చేయవలసివచ్చినచో క్రొత్తపూత పాతదానితో కలియదు, మచ్చగా నిలుచును. రాతిపలకయైనచో మార్చవచ్చును. మన్నిక విషయమున నా తీర్పు మెట్ల కోనేటిని చెక్కినవారి పక్షమే.

స్నానమును గూర్చి చెప్పుచు నూనెను మఱచిన తెలుగువాడు గాడు. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు వర్తకుడు దొమింగో పాయిస్ కృష్ణదేవరాయల దినచర్యను వ్రాసెను. రాయలు తెల్లవాఱకమున్నే నువ్వులనూనె త్రాగి, ఒడలంతయు నూనె పట్టించుకొని, సాము చేసి, కుస్తీ పట్టి, గుఱ్ఱమెక్కి తిరిగి వచ్చిన పిమ్మట, ఆ పనికై నియమితుడైన బ్రాహ్మణుడు ఆయనకు స్నానము చేయించునట. ఆ గ్రంథమును రాబర్టు సూయెల్ 1900లో ఇంగ్లీషున ప్రకటించెను. చదివినప్పుడు రాయల సాముగరిడీకంటె నాకు ఆయన నిలుచున్న నేల యెట్టిదో అను చింత కలిగినది. నూనెకారు ఒడలు, తడిసిన పాదము, రాతినేల: ఈ మూడును కలిసినచోట సామ్రాజ్యాధిపతికిని సామాన్యునికిని భేదము లేదు.

ఇక మన నాపరాయి. కడప, కర్నూలు, అనంతపురము, పల్నాడు సీమలలో నేల క్రింద సున్నపురాయి పొరలు పొరలుగా, పుస్తకపు పుటలవలె పేర్చియున్నది. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో కడప, కర్నూలు శిలలనుగూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించి, ఈ రాతిలో నొక తెగకు నార్జి అను ఊరి పేరు పెట్టెను. తాండూరు, షాబాదు బండలును సున్నపురాతి జాతివే. ఈ రాయి సహజముగనే పలకలుగా విడివడును. గనిలో పనివాడు పొరల నడుమ పలుగు దూర్చి ఎత్తిన చాలును, రంపముతో పనిలేదు. ప్రకృతియే ముందుగా కోసియుంచిన పలక యిది. కోరిన కొలతకు అంచులు కొట్టించి, బండికెత్తించి, ఇంటికి తెచ్చి పఱచుట మన పెద్దల వాడుక.

మా యింటి పెరటిలో అట్టి యొంటిబండ యుండెను. నిడివి నాలుగడుగులు, వెడల్పు మూడడుగులకు పైన, మందము రెండున్నర అంగుళములు. దానిని ఎప్పుడు వేసిరో మా నాయనకును తెలియదు. చుట్టును వ్రేలెడు ఎత్తున రాతికమ్మీ, ఒక మూల గాడి, ఆ గాడినుండి నీరు అరటిపాదునకు పోవును. బండను ఊరక నేలపై పడవేసినది గాదు. మోకాలి లోతు త్రవ్వి, గులకరాయి దిమ్మిసకొట్టి, ఇసుకయు గానుగసున్నమును ఇటుకపొడియు కలిపిన మెత్త పఱచి, దానిపై బండను దింపి, కఱ్ఱదుడ్డుతో తట్టి, ఎచ్చట గుల్లమ్రోత వినబడునో అచ్చట మరల లేపి మెత్త పెట్టించిరని మా తాతగారు చెప్పెడివారు. గుల్లమ్రోతను వినుట ఈ విద్యలో సగమని నేననుకొందును. బండక్రింద ఖాళీ యున్నచో, నీళ్ళు నిండిన గంగాళము దానిపై దించినంతనే ఆ స్థలమున బీటవాఱును. క్రింద అంతటను ఆనిన బండ, సన్నదైనను, గంగాళముల బరువునకు తాళును.

నాపరాతికి శత్రువొకటి కలదు, అది పులుపు. సున్నపురాయి యగుటచే పులుసు తగిలినచోట అది కరగును. స్నానపు బండమీదనే చింతపండుతో ఇత్తడి బిందెలు తోమిన యిండ్లలో బండ నడుమ తెల్లబాఱి గరుకెక్కియుండుట మీరు చూచియే యుందురు. చింతపండువలన కలుగు నష్టము స్వల్పము. ఈ కాలమున మరకలు పోవుటకని సీసాలలో తెచ్చి పోయుచున్న ఆమ్లము పది సంవత్సరముల పనిని పది నిమిషములలో చేయును. బండయు తినివేయును, సందులోని సున్నమును సిమెంటును గూడ తినివేయును. సేనపురాయికి ఈ భయము లేదు. కాని దానిని చెక్కుట కష్టము, మోయుట కష్టము, వెల హెచ్చు.

జాఱుడుమాట ఇచ్చట చెప్పవలెను. మా పెత్తండ్రిగారు ఎనుబదియేండ్లు ఆ పెరటి బండపైననే స్నానము చేసిరి. వారి కుమారుడు భక్తితోనే, ముసలితనమున పెరటికి పోవు శ్రమ తప్పించుటకై, ఇంటిలో గది కట్టించి అద్దమువంటి పలకలు పఱపించెను. మూడవ నెలలో వారు జాఱిపడిరి. తుంటియెముక విఱిగినది. ఆ మంచమునుండి వారు మరల లేవలేదు. ఇట్టి సంగతి మీ యూరనొకటి, నా యూరనొకటి, ప్రతి యూరను జరుగుచున్నది. పాత బండకు నునుపు రాకుండ పూర్వము కాపుదల యుండెడిది. రోళ్ళకును తిరుగళ్ళకును గంట్లు కొట్టువారు ఊరిలోనికి వచ్చినప్పుడు, మా నాయనమ్మ వారిచేతనే జలకపు బండకుగూడ ఉలిగంట్లు పెట్టించెడిది. ఆ గంట్లు వాలువెంట నుండవలెను గాని అడ్డముగా నుండరాదని ఆమె పట్టుదల. అడ్డముగా నున్నచో జిడ్డు నిలుచును. రోళ్ళు పోయినవి, వారి రాకయు తగ్గినది, బండలు నునుపెక్కినవి.

1824లో ఇంగ్లండున జోసెఫ్ ఆస్పిడిన్ పోర్ట్‌లండు సిమెంటునకు హక్కుపత్రము పొందినప్పటినుండి ఈ విద్య తీరు మాఱినది. సున్నపు మెత్త ఒకింత మెత్తన. ఇల్లు రవంత క్రుంగినను అది లొంగును. సిమెంటు కఠినము, లొంగదు, చిట్లును. రాతిముక్కలను సిమెంటులో కలిపి అచ్చులో పోసి అరగదీసిన పలకలు వచ్చినవి. పిమ్మట రాతిపొడిని రసాయనపు జిగురుతో కలిపి పోసిన పలకలు వచ్చినవి. నేడు పెద్దపట్టణములలో జల్లుస్నానపు నేల యంతయు ఒకే తునుకగా, అంచు, వాలు, తూమురంధ్రము ముందే ఏర్పడినదిగా కొనవచ్చును. నిజమైన రాతినే యంత్రముతో తొలిచి అమ్మువారును గలరు. వీటిని చూచి ముఖము చిట్లించుకొనవలసిన పని లేదు; పానవట్టపు వంశములోనివే యివి. జిగురుతో చేసినవానికి నిప్పుసెగ పడదు గాన, నీళ్ళు కాగిన గుండిగను పొయ్యిమీదనుండి దించి నేరుగా వానిపై పెట్టరాదు. ఈ యొక్క జాగ్రత్త వలయును.

కొనదలచినవారును, ఊరి కాసెపనివానిచేత చేయింపదలచినవారును ఒక లెక్క తెలిసికొనవలెను. మూడడుగుల చదరపు బండ, రెండంగుళముల మందమున, సుమారు 110 కిలోలు తూగును, నలుగురు మోయదగినది. తూము ఒక ప్రక్క అంచున నున్నచో, అడుగునకు పావంగుళము చొప్పున మూడడుగులకు ముప్పావంగుళము వాలు తీయవలెను. తూమునొద్ద రాయి అంగుళమున్నరకంటె తక్కువయై, అంగుళముంబావే మిగులును. అన్నిటికంటె సన్నమైన ఆ చోటనే రంధ్రము తొలుతురు. బీట వాఱుటకు అంతకంటె అనువైన స్థల ముండదు. కావున రెండంగుళముల బండ చాలదు. రెండున్నర గాని మూడు గాని యుండవలెను. లేదా తూమును నడుమకు తెచ్చి నాలుగువైపులనుండి వాలు తీసిన, తొలుచు లోతు సగమగును. మా పెరటి బండను చేసినవాడు రంధ్రము జోలికే పోక అంచున గాడి తీసి ఊరకొనెను. అతని పేరు మాకు తెలియదు గాని అతనికి ఈ లెక్క తెలియును.

క్రొత్తగది కట్టుచు పెరటిలోని పాత బండలను పెల్లగింపదలచినవారికి మఱియొక మాట. వానిని ముక్కలు చేసి బాటకు పోయకుడు. లేపకమున్నే ప్రతి బండ యడ్డంచున, నీరు తగులని చోట, ఉలితో చిన్న గుర్తు పెట్టింపుడు: ఏ దిక్కుది, ఎన్నవ వరుసది, ఆ వరుసలో ఎన్నవది. ఒకటి రెండు గీతలు చాలును. తిరుగ వేయునప్పుడు అరిగిన ముఖమును క్రిందికి త్రిప్పి, గరుకైన ముఖమును పైకి పెట్టింపవచ్చును. వాలు సరిగా వచ్చినదో లేదో చూచుటకు మెత్త ఆరకమున్నే ఒక చెంబెడు నీరు దూరపు మూలను పోయవలెను. నీరు నడుమ నెచ్చటను ఆగక తూమును చేరినచో కూలి యీయవచ్చును. ఆగినచో, ఆగిన చోటను బొగ్గుతో గీసి, ఆ బండను అప్పుడే లేపింపవలెను. మఱునాటికి మెత్త బిగిసిపోవును.